గుంటలో దాచింది ఏమిటి? ఒక ఇంటి ముచ్చట బొమ్మల డాక్యుమెంటరీ అయిన వైనం

నారళీ పున్నమి నాడు మార్కండేయ మహామునివారి రథం సోలాపూర్ తూర్పు పేటల వీధులు తిరిగి వెళ్లాక, కొత్త జంధ్యాలు వేసుకున్న మగవాళ్లు, పొద్దుటి నుంచి నిలబడి కాళ్లు గుంజుతున్న ఆడవాళ్లు అందరూ మా ఇంటి వరండాలో కూలబడతారు. చాయ్ వచ్చేలోపు ఎవరో ఒకరు అందుకుంటారు: "మార్షల్ లా టైముల మన ముత్తాత ఏం జేసిండో ఎరుకేనా?"

ఎరుకే. వందసార్లు విన్నాం. అయినా వింటాం.

1930 మే నెల. కార్ఖానాలోకి సోల్జర్లు సోదాకు వచ్చారు. ముత్తాత దగ్గర కాంగ్రెసు జెండా ఉంది. చటుక్కున మడిచి మగ్గం గుంటలో పడేశాడు. పైన కూర్చుని నాడె ఆడించాడు. సోల్జరు వచ్చి, పక్కనే నిలబడి చూశాడు. నేత ఆగలేదు. సోల్జరు వెళ్లిపోయాడు. అంతే కథ. ఎవరు చెప్పినా అర నిమిషం పడుతుంది. మా తాత చెబితే మాత్రం రెండు నిమిషాలు, ఎందుకంటే ఆయన సోల్జరు బూట్ల చప్పుడు నోటితో చేసి వినిపించేవాడు.

ఈ అర నిమిషం ముచ్చటను ఆరు నిమిషాల యానిమేషన్ డాక్యుమెంటరీగా చేశాం. చేసింది ఒక అన్నదమ్ముల పిల్లలం నలుగురం. ఒకరు పుణెలో బొమ్మలు వేయడం నేర్చుకున్నవారు, ఒకరు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగి, ఒకరు బడి పంతులమ్మ, ఒకరికి ఇంకా నాలుగు సాంచాలు నడుస్తున్నాయి. సమాఖ్య వార్షికోత్సవ సంచికకు ఆ అనుభవం రాయమన్నారు. రాయబోతే తెలిసింది, సినిమా కంటే సినిమా వెనక జరిగిన పంచాయితీయే పెద్ద కథ అని.

"డాక్యుమెంటరీ అంటే నిజం గదా, బొమ్మలంటే కల్పన గదా, రెండూ ఎట్ల కలుస్తయి?" అని మొదట అడిగింది మా పెద్దనాయినే. మంచి ప్రశ్న. జవాబు కోసం మేమూ వెతికాం. 1915లో లూసిటేనియా అనే ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఆ సంఘటనను తీసిన కెమెరా ఏదీ లేదు. విన్సర్ మెకే అనే అమెరికన్ చిత్రకారుడు ఆ మునక మొత్తాన్ని బొమ్మల్లో గీసి 1918లో విడుదల చేశాడు. బొమ్మలతో తీసిన మొదటి డాక్యుమెంటరీగా చాలామంది చెప్పేది దాన్నే. కెమెరా లేనిచోట గీత పనికొచ్చిందన్నమాట. మన దగ్గర నీనా సబ్నానీ తన తండ్రి చెప్పిన దేశవిభజన నాటి చిన్ననాటి స్నేహం ముచ్చటను 2005లో "ముకంద్ అండ్ రియాజ్" పేరుతో బొమ్మల చిత్రం చేశారు. అదీ ఒక ఇంట్లో చెప్పుకున్న ముచ్చటే. నాలుగేళ్ల తర్వాత ఆమే "టాంకో బోలే ఛే" తీశారు. 1971 యుద్ధం తర్వాత సింధు ప్రాంతం నుంచి కచ్‌కు వచ్చిన కుట్టుపని స్త్రీలు తమ వలసను తామే చెబుతుంటే, వాళ్లు కుట్టిన గుడ్డ బొమ్మలే తెరమీద కదులుతాయి. అది చూసిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సూది పట్టిన చేయి తన కథ చెప్పుకోగా లేనిది నాడె పట్టిన చేయి చెప్పుకోలేదా అనిపించింది.

మాకూ కెమెరా లేదు. ముత్తాత ఫోటో ఒక్కటీ లేదు. ముత్తవ్వది సరేసరి.

కలం పట్టుకుని రాసేవాడికి "కార్ఖానాలో నేస్తున్నాడు" అంటే సరిపోతుంది. బొమ్మ వేసేవాడికి అది చాలదు. ఏ కార్ఖానా? పైకప్పు రేకులా, పెంకులా? గుంట ఎంత లోతు? నేస్తున్నది ఏమిటి? దీపం ఏది? వంటిమీద బట్ట ఏమిటి? పుణె తమ్ముడు మొదటి వారంలోనే ఇలాంటి ప్రశ్నలు మూడు పేజీలు రాసి పంపాడు. వందేళ్లుగా చెప్పుకుంటున్న ముచ్చటలో ఎన్ని కంతలున్నాయో అప్పుడు గాని తెలియలేదు.

మొదటి బొమ్మే ఆగిపోయింది. ముత్తాత కరీంనగర్ దిక్కు నుంచి సోలాపూర్ ఎట్లా వచ్చాడు? "నడుచుకుంట వచ్చిండు, నెత్తిమీద పన్నె వెట్టుకొని" అని ఇంట్లో అంటారు. నడక పాత తరాలవారి మాట అయి ఉంటుంది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలు 1860లోనే సోలాపూర్ చేరింది. 1871కి రాయచూరు దాకా సాగింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు పడింది. అంటే ముత్తాత తాత కాలానికే సికింద్రాబాదులో బండెక్కితే వాడి దగ్గర మారి సోలాపూర్‌లో దిగవచ్చు. మిల్లులు కూడా ఆ పట్టాల వెంటే వచ్చాయి. ఇక్కడివాళ్లు జూనీ మిల్ అనే సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు 1870ల నాటిది. తర్వాత నర్సింగ్ గిర్జీ, లక్ష్మీ, విష్ణు. మిల్లు నూలు దగ్గర్లో దొరకడం, తొమ్మిది గజాల లుగడాలకు మరాఠీ దేశమంతా గిరాకీ ఉండటం, అటు నిజాం ఇలాకాలో కరువులు, నేసిన బట్టకు బేరం లేకపోవడం. మన పద్మశాలీలు సఖర్ పేట, దాజీ పేటల్లో గుంపులుగా దిగడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. ఆ పేటల్లో ఇప్పటికీ దుకాణం బోర్డు మరాఠీలో ఉంటుంది, బేరం తెలుగులో నడుస్తుంది.

నడకా, రైలా అని రెండు నెలలు తన్నుకుని, చివరికి ఊరి నుంచి ఎడ్లబండి, ఆ తర్వాత రైలు వేశాం. నెత్తిమీద పన్నె మాత్రం ఉంచాం. అది తీసేస్తే పెద్దనాయిన మాతో మాట్లాడేవారు కాదు.

ఇక గుంట. ఈ తరం పిల్లలకు గుంటమగ్గం చూపించాలంటే మ్యూజియానికి తీసుకుపోవాల్సిన రోజులు. సోలాపూర్ అంటే ఇప్పుడు సాంచాల మోత, చద్దర్లు, టవళ్లు. సోలాపూర్ చద్దరుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, మంచిదే. కానీ గుంటమగ్గం చప్పుడు రికార్డు చేయాలంటే మేం పోచంపల్లి దాకా పోవలసి వచ్చింది. అక్కడ ఒక ఇంట్లో రెండు గంటలు కూర్చున్నాం. తాడు గుంజితే నాడె ఇటు నుంచి అటు కొట్టుకునే చప్పుడు, పలక వచ్చి పేకను దగ్గరికి కొట్టే చప్పుడు, కాళ్ల కింద చెక్కలు లేచి పడే మెత్తటి చప్పుడు. మూడూ వేరు వేరుగా తీసుకున్నాం. (ఇంట్లో పెద్దల మాటలు ఫోనులో రికార్డు చేసేవారికి ఒక మాట. ముందు ఫ్యాన్ ఆపండి. మా తాత చివరి రికార్డింగులో సగం ఫ్యాన్ మోతే.)

గుంట దగ్గరే మొదటి తగాదా వచ్చింది. గుంటమగ్గంలో నేతగాడు నేలమీద అంచున కూర్చుంటాడు, కాళ్లు గుంటలో ఉంటాయి. అచ్చులను ఎత్తి దించే చెక్కలను ఆ కాళ్లే తొక్కాలి. జెండా గుంటలో పడేసి నేశాడంటే జెండా ఎక్కడ ఉన్నట్టు? కాళ్ల కింద. వందసార్లు కథ విన్నా ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. బొమ్మ వేయగానే కళ్లకు కొట్టినట్టు కనబడింది. "తీసెయ్యుండ్రి, జెండా మీద కాలు వెట్టినట్టు జూపిస్తరా?" అని ఒక బాబాయి. "నేసిన బట్ట చుట్టే దోనెలో, లుగడం మడతల కింద పెట్టి ఉంటడు" అని ఇంకొకరు. అలా అయితే సోల్జరుకు ముందుగా కనబడేది అదేనని సాంచాల అన్న అన్నాడు. ప్రాణభయం ఉన్నవాడు కాలు ఎక్కడ పడుతుందో చూసుకుంటాడా అని మా మాట. తేలలేదు.

జెండా రంగుల దగ్గర తల వాచింది. తమ్ముడు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వేసి పంపాడు. మా ఇంట్లో అందరికీ నచ్చింది. కానీ అది 1930. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ మధ్య రాట్నం ఉన్న జెండాను కాంగ్రెసు ఆమోదించింది 1931 ఆగస్టులో. అంతకుముందు ఊరూరా ఎగిరిన స్వరాజ్య జెండాలో పైన తెలుపు, మధ్యన ఆకుపచ్చ, అడుగున ఎరుపు, దానిమీద రాట్నం. మన నేతవాళ్ల వస్తువు జెండా మధ్యలో అంత పెద్దగా ఉన్న రోజులవి. రంగులు మార్చి చూపిస్తే "ఇదేం జెండా, మనది కాదు" అన్నారు పిల్లలు. అదే ఉంచాం.

ఆ రోజుల సంగతి కొంత చెప్పాలి, బయటి రాష్ట్రాల మనవాళ్లకు తెలియకపోవచ్చు. 1930 మే మొదటి వారంలో గాంధీజీని అరెస్టు చేశారన్న వార్త రాగానే సోలాపూర్ మిల్లులు ఆగిపోయాయి. మే 8న కాల్పులు జరిగాయి, జనం చనిపోయారు, పోలీసు ఠాణాలు తగలబడ్డాయి. పోలీసులు ఊరు విడిచిపోతే మూడు నాలుగు రోజులు ఊరిని ఊరి జనమే చూసుకున్నారు. మే 12న మార్షల్ లా పెట్టారు. జెండా చేతిలో కనబడితే శిక్ష. మల్లప్ప ధన్‌శెట్టి, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సారడా, ఈ నలుగురినీ 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరి తీశారు. చార్ హుతాత్మ చౌకులో వాళ్ల విగ్రహాలకు మొక్కకుండా సోలాపూర్‌లో ఏ ఊరేగింపూ దాటదు. అంత పెద్ద కథ పక్కన మా ఇంటి ముచ్చట ఎంత? కానీ ఆ పెద్ద కథకు మా ఇంటి గుమ్మం అదొక్కటే. అందుకే దాన్ని అంత గట్టిగా పట్టుకున్నాం.

అప్పటికి సగం సినిమా అయింది. తాత గొంతు ఉంది. ఇంకో గొంతు ఉంటే బాగుంటుందని చిన్నవ్వ దగ్గరికి పోయాం. చిన్నవ్వ మా తాతకు చెల్లెలు, తొంభైకి దగ్గర పడింది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు. ఇప్పటికీ మాట్లాడుతుంటే ఆ వేళ్లు ఊరికే ఆకు మడుస్తున్నట్టు కదులుతుంటాయి. కథ మేమే మొదలుపెట్టి, జెండా దాకా రాగానే ఆపమన్నది.

"జెండా లేదు గిండా లేదు. నూలు దాచిండు."

మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"రెండు చిలపల నూలు. పని బందుండె. కూలి లేదు. ఇంట్ల జొన్నలు లెవ్వు. సేఠ్ ఇచ్చిన నూలుల కెళ్లి రెండు చిలపలు పక్కకు వెట్టిండు, అమ్ముకుందామని. గుమాస్తా లెక్క జూడ వచ్చిండు. గుంటలేసి మీద కూసున్నడు."

"మరి తాత జెండా అనేటోడు గదా అవ్వా?"

"మీ తాత అప్పటికి పుట్టలె. నేనూ పుట్టలె. మా నాయిన ఎన్నడు నోరు తెరిచి చెప్పలె. చెప్పింది మా అవ్వ. కండెలు చుట్టుకుంట చెప్పింది. మీ తాత ఆడ కూసోలె. నేను కూసున్న."

ఆమె అవ్వ అంటే మా ముత్తవ్వ, ముత్తాత భార్య. ఇన్నేళ్ల మా కథలో ఆమె ఎక్కడా లేదు. కానీ మగ్గం ఒక్కడితో నడవదని శాలోళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆసు పోయాలి, పడుగుకు గంజి పట్టించాలి, రాట్నం మీద కండెలు చుట్టాలి. నాడె ఖాళీ అయితే కండె అందించేది ఆడమనిషే. సోల్జరు వచ్చినా, గుమాస్తా వచ్చినా, ఆ సమయంలో ఆ మగ్గం పక్కన ఆమె ఉండే ఉంటుంది. ఆ ఇద్దరిలో అంతా కళ్లారా చూసి, తర్వాత నోరు విప్పిన మనిషి ఆమె ఒక్కతే.

ఇంట్లో పంచాయితీ నెల రోజులు సాగింది. "స్వాతంత్య్రం కోసం నిలబడ్డ మనిషిని దొంగను జేస్తరా?" అని పెద్దనాయిన. ఆయన కోపం మాకు అర్థమైంది. మార్షల్ లా కోర్టు శిక్షల్లో ముత్తాత పేరు ఉండదు, దొరకనివాడి పేరు కాగితం మీదికి ఎందుకెక్కుతుంది? నూలు లెక్కల పుస్తకం కార్ఖానాతో పాటే పోయింది. రుజువు ఏ పక్కనా లేదు.

నూలు మాట మాత్రం కట్టుకథలా లేదని మాకు అనిపించింది. అప్పటి సోలాపూర్ కార్ఖానాలు ఎట్లా నడిచేవో పెద్దలు కొంత చెప్పారు, చరిత్రకారుడు డగ్లస్ హేన్స్ పశ్చిమ భారత చిన్న పట్టణాల చేతివృత్తుల మీద 2012లో తెచ్చిన పుస్తకంలో కొంత దొరికింది. మగ్గాలు కార్ఖానాదారువి. నేతగాడికి ముందే బాకీ ఇస్తారు, కుటుంబం ఆ కార్ఖానాలోనో పక్కనో ఉంటుంది, బాకీ తీరేదాకా ఇంకో కార్ఖానాకు పోలేడు. నూలు తూచి ఇస్తారు, బట్ట తూచి తీసుకుంటారు. కార్ఖానాదారూ మనవాడే, నేతగాడూ మనవాడే. అదే రథం తాడు ఇద్దరూ లాగుతారు. మన సంఘ చరిత్రలు రాసుకునేటప్పుడు కట్టిన గుడి, పెట్టిన బడి, ఇచ్చిన విరాళం రాస్తాం. బాకీ సంగతి రాయం. ఆ కార్ఖానాదారు ఇంటివారితో మాకు ఇప్పుడు వియ్యం కూడా ఉంది, కాబట్టి ఇక్కడ ఇంతకన్నా ఎక్కువ రాసే ధైర్యం మాకూ లేదు.

దొంగ అన్న మాట దగ్గర చిన్నవ్వే మమ్మల్ని కాపాడింది. "ఎవలి నూలు? బాకీల కింద మూడేండ్లు నేసిన నూలు. దొంగతనం ఎట్లయితది?" అన్నది. పెద్దనాయిన ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టు కాదు, కానీ లేచి వెళ్లిపోలేదు.

ఏది పెట్టాలి? ఒకటి ఉంచి ఇంకోటి తీసేస్తే, రేపు పిల్లలకు అదే నిజమైపోతుంది. నోటిమాట ప్రతి పండక్కీ కొంచెం మారుతుంది. సినిమా మారదు. అందుకే రెండూ పెట్టాం. మొదట తాత గొంతు. మూట గుంటలో పడుతుంది, బూట్లు వస్తాయి, నిలబడతాయి, పోతాయి. తర్వాత చిన్నవ్వ గొంతుతో అదే దృశ్యం మళ్లీ మొదటి నుంచి. అదే గుంట, అదే మూట, అవే కాళ్లు. మార్చింది రెండే. బూట్ల బదులు గుమాస్తా చెప్పులు. మూట విప్పితే మొదటిసారి తెలుపు, ఆకుపచ్చ, ఎరుపు, రెండోసారి ఉత్త తెల్ల నూలు. బూట్ల చప్పుడు మేం కల్పించలేదు. తాత నోటితో చేసిన చప్పుడే వాడాం, ఫ్యాన్ మోతతో సహా. ముత్తవ్వ మాత్రం రెండింటిలోనూ ఉంది, రాట్నం దగ్గర.

పని సంగతి తొందరగా చెప్పేస్తాం. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు. ఆరు నిమిషాలంటే 4,320. ఈ లెక్క చెబితే చిన్నవ్వ "అంగుళానికి ఎన్ని పేకలో అడిగినట్టే ఉన్నది" అన్నది. నాడె అటూ ఇటూ ఆడే బొమ్మలు ఒకసారి వేసి తిప్పి తిప్పి వాడుకున్నాం, లేకపోతే ఇప్పటికీ అయ్యేది కాదు. నేల, గోడలు, చీరలు పాత లుగడాల ముక్కలు కత్తిరించి ఫోటో తీసినవి. అట్ల పెట్టెలో దొరికిన ఒక చిరిగిన కొంగు రైలు కిటికీ అయింది. పోయిన తరం చేతిపని తెరమీద అలా కదులుతుంటే సాంచాల అన్న బయటికి వెళ్లి కాసేపటికి వచ్చాడు.

మొన్న రథం నాటి సాయంత్రం వరండా గోడకు తెల్ల ధోవతి కట్టి చూపించాం. తాత గొంతు రాగానే అందరూ నవ్వారు, బూట్ల చప్పుడుకు మరీ. రెండోసారి నూలు బయటపడ్డప్పుడు ఎవరూ మాట్లాడలేదు. పెద్దనాయిన కళ్లజోడు తుడుచుకుని, "ఇంకోపారి పెట్టుండ్రి" అన్నారు. పెట్టాం. చిన్నవ్వ రెండుసార్లూ ముందుకు వంగి చూసింది. అయిపోయాక మా వైపు తిరిగింది.

"మా అవ్వను అటు దిక్కు కూసోవెట్టిండ్రేంది? ఆమె కూసునేది మగ్గానికి ఎడమ దిక్కు, కిటికీ కాడ. ఎలుతురు లేకుంటే తెగిన పోగు ఎట్ల కనవడతది?"

ముత్తవ్వ రాట్నం తిప్పే దృశ్యం 18 సెకన్లు. అంటే 216 బొమ్మలు. ఆమెను కిటికీ దగ్గరికి జరిపి మళ్లీ వేస్తున్నాం.